శ్వాసవాయువుల ఆర్ద్రీకరణ

శ్వాసవాయువుల ఆర్ద్రీకరణ అనగా రోగికి కృత్రిమంగా అందించే ప్రాణవాయువునకు (ఆక్సిజన్‌కు) తగినంత తేమను, అవసరమైనచోట వెచ్చదనాన్ని కలిపి శ్వాసమార్గంలోనికి పంపే ప్రక్రియ. ఈ పనికి వాడే పరికరాన్ని తెలుగులో ఆర్ద్రీకరణి అనవచ్చును గాని, ఆసుపత్రులలో అందరూ దానిని హ్యుమిడిఫయర్ అనే వ్యవహరిస్తారు. రోగి మంచం పక్కన ఫ్లోమీటరు క్రింద వ్రేలాడుతూ, బుడగలు లేస్తూ కనిపించే నీళ్ళ సీసా ఈ పరికరాలలో అతి సాధారణమైనది. ఐసీయూలలోను, నవజాత శిశువుల విభాగాలలోను ఇంతకంటె క్లిష్టమైన పరికరాలు వాడుకలో ఉన్నాయి.

సిలిండరు నుండి గాని, ఆసుపత్రి గోడలోని గొట్టం నుండి గాని వచ్చే ప్రాణవాయువులో తేమ దాదాపు శూన్యం. ఆరోగ్యంగా ఉన్న ముక్కు ఈ లోటును కొంతవరకు పూరించగలదు. వాయువు ప్రవాహం ఎక్కువైనపుడు, లేదా గొంతులో అమర్చిన గొట్టం ద్వారా వాయువు నేరుగా ఊపిరితిత్తులకు పోయేటపుడు ముక్కు చేయవలసిన పనిని పరికరమే చేయాలి. అయితే తేమనిచ్చే నీరు శుభ్రమైనది కాకపోతే, అదే నీరు రోగక్రిములకు నెలవు అవుతుంది. అందువలన ఈ విషయంలో ఎల్లప్పుడూ రెండు ప్రశ్నలు వేసుకోవలసి ఉంటుంది: ఈ రోగికి తేమ అవసరమా? అవసరమైతే ఏ నీటితో ఇవ్వాలి? గాలిలో తేమ తక్కువగాను, భూగర్భ జలాలలో లవణాలు ఎక్కువగాను ఉండే రాయలసీమ వంటి ప్రాంతాలలో ఈ రెండు ప్రశ్నలకూ ప్రాధాన్యం ఎక్కువ.

ఆర్ద్రత – కొలతలు

గాలిలోని తేమను రెండు విధాలుగా కొలుస్తారు. ఒక లీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉన్నదో తెలిపేది పరమ ఆర్ద్రత. ఆ ఉష్ణోగ్రత వద్ద గాలి పట్టగలిగిన గరిష్ఠ తేమలో ఎంత భాగం ఉన్నదో శాతంలో తెలిపేది సాపేక్ష ఆర్ద్రత. గాలి వేడెక్కే కొద్దీ అది పట్టగలిగే తేమ పెరుగుతుంది. సంతృప్తమైన గాలిలో, అంటే సాపేక్ష ఆర్ద్రత 100 శాతం ఉన్నపుడు, ఒక లీటరులో ఉండే నీటి ఆవిరి సుమారుగా ఈ విధంగా ఉంటుంది (ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో):

• 10 డిగ్రీల వద్ద – 9.4 మిల్లీగ్రాములు
• 20 డిగ్రీల వద్ద – 17.3 మిల్లీగ్రాములు
• 30 డిగ్రీల వద్ద – 30.4 మిల్లీగ్రాములు
• 37 డిగ్రీల వద్ద – 44 మిల్లీగ్రాములు

ఊపిరితిత్తుల లోపలి గాలి ఎల్లప్పుడూ శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల వద్ద, పూర్తిగా సంతృప్తమై ఉంటుంది. అనగా అక్కడ లీటరుకు 44 మిల్లీగ్రాముల తేమ ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. వేసవి మధ్యాహ్నం కర్నూలు ప్రాంతంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 20 శాతం ఉన్నదనుకుంటే, ఆ గాలిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల తేమ మాత్రమే ఉంటుంది. విశాఖపట్నంలో 32 డిగ్రీలు, 75 శాతం ఉన్నదనుకుంటే అక్కడి గాలిలో సుమారు 25 మిల్లీగ్రాములు ఉంటుంది. కావలసిన 44కు చేర్చడానికి విశాఖవాసి ముక్కు లీటరుకు 19 మిల్లీగ్రాములు కలిపితే చాలు. కర్నూలువాసి ముక్కు 33 మిల్లీగ్రాములు కలపాలి. సిలిండరు నుండి వచ్చే ప్రాణవాయువుకైతే మొత్తం 44 మిల్లీగ్రాములూ కలపవలసిందే.

ముక్కు చేసే పని

ముక్కు లోపలి గోడల నుండి చుట్టలు చుట్టుకొని ముందుకు వచ్చిన ఎముకల పలకలు ఉంటాయి. వీటిని టర్బినేట్లు అంటారు. వీటిపై రక్తనాళాలు దట్టంగా అల్లుకొన్న తడి పొర కప్పి ఉంటుంది. పీల్చిన గాలి ఈ ఇరుకు దారుల గుండా సుడులు తిరుగుతూ పోవడం వలన కొద్ది క్షణాలలోనే వెచ్చబడి, తేమను గ్రహిస్తుంది. శ్వాసనాళం రెండుగా చీలే చోటికి సుమారు 5 సెంటీమీటర్ల దిగువకు చేరేసరికి గాలి 37 డిగ్రీల ఉష్ణోగ్రతకు వచ్చి, పూర్తిగా సంతృప్తమవుతుంది. నోటితో శ్వాసించినా, పొడిగాలి పీల్చినా ఈ హద్దు మరికొంత లోపలికి జరుగుతుంది.

గాలి బయటకు వచ్చేటపుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. లోనికి పోయే గాలి వలన కొంత చల్లబడిన ముక్కు పొరపై, వెలుపలికి వచ్చే వెచ్చని గాలిలోని తేమ కొంత ఘనీభవించి, మరుసటి శ్వాసకు ఉపయోగపడుతుంది. ఇట్లు కొంత తేమ తిరిగి దక్కినప్పటికీ, పెద్దవారిలో రోజుకు సుమారు 250 నుండి 400 మిల్లీలీటర్ల నీరు శ్వాస ద్వారా బయటకు పోతుంది.

శ్వాసమార్గం లోపలి గోడలపై శైలికలు అనే అతి సన్నని వెంట్రుకల వంటి నిర్మాణాలు ఉంటాయి. గాలితో పాటు లోనికి వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవులను శ్లేష్మం పట్టి ఉంచితే, శైలికలు ఆ శ్లేష్మాన్ని నెమ్మదిగా గొంతు వైపు తోస్తాయి. శ్లేష్మం పలుచగా, తడిగా ఉన్నపుడే అవి ఈ పని చేయగలవు.

పొడి వాయువు వలన కలిగే హాని

తేమ లేని వాయువును ఎక్కువసేపు పీల్చిన రోగికి మొదట ముక్కు, గొంతు ఎండిపోతాయి. కొందరికి ముక్కు నుండి రక్తం కారుతుంది. తరువాత శ్లేష్మం చిక్కబడి శైలికల కదలిక మందగిస్తుంది. కఫం దగ్గినా రాకుండా గట్టిపడి, చిన్న శ్వాసనాళికలను మూసివేయవచ్చును. అపుడు వాటి వెనుకనున్న ఊపిరితిత్తి భాగం గాలి అందక ముడుచుకుపోతుంది.

గొంతులో గొట్టం అమర్చిన రోగులకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎండిన కఫం గొట్టం లోపల పేరుకొని దాని దారిని క్రమంగా ఇరుకు చేస్తుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోతే నిమిషాలలో ప్రాణం పోవచ్చును. నెలలు నిండక పుట్టిన శిశువులలో చల్లని, పొడి వాయువు శరీరపు వేడిని కూడా హరిస్తుంది.

తేమ మితిమీరినా హానియే. గొట్టాలలో నీరు చేరి వాయుప్రవాహానికి అడ్డుపడవచ్చును. ఆ నీరు శ్వాసమార్గంలోనికి జారవచ్చును. వాయువు అతిగా వేడెక్కితే శ్వాసనాళం కాలవచ్చును.

చరిత్ర

1774లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ ప్రాణవాయువును వేరుచేశాడు. స్వీడన్‌లో షీలే కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు. 1895లో జర్మనీకి చెందిన కార్ల్ ఫాన్ లిండే గాలిని ద్రవరూపంలోకి మార్చే పద్ధతిని రూపొందించడంతో, ప్రాణవాయువును పెద్దయెత్తున వేరుచేసి సిలిండర్లలో నింపడానికి వీలు కలిగింది. ఈ పద్ధతిలో గాలిని అతిశీతలానికి దించవలసి ఉంటుంది కనుక, నీరు గడ్డకట్టి యంత్రానికి అడ్డుపడకుండా ముందుగానే తేమను పూర్తిగా తొలగిస్తారు. సిలిండరులో తుప్పు పట్టకుండా ఉండేందుకు కూడా వాయువు పొడిగా ఉండవలసిందే. యంత్రానికి, సిలిండరుకు మేలు చేసే ఈ పొడితనమే రోగికి ఇబ్బంది అవుతుంది.

19వ శతాబ్దంలోనే శ్వాసవ్యాధులున్న పిల్లల గదులలో ఆవిరి కెటిళ్ళను మరిగించేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల బారిన పడిన సైనికులకు ప్రాణవాయువును మాస్కు ద్వారా ఇచ్చే పద్ధతిని జె. ఎస్. హాల్డేన్ 1917లో వివరించాడు.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో తీవ్రంగా ప్రబలింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగుల గొంతులో రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ గాలి అందించే పద్ధతిని బ్యోర్న్ ఇబ్సెన్ అనే వైద్యుడు ప్రవేశపెట్టాడు. సుమారు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా ఈ పని చేశారు. తీవ్రచికిత్సా విభాగాలకు ఇదే నాంది అని చెబుతారు. ఈ విధంగా ముక్కును దాటవేసి రోజులు, వారాల తరబడి శ్వాస అందించడం సాధారణమైన కొద్దీ, వాయువును తడిపి వెచ్చజేయడం కూడా చికిత్సలో విడదీయరాని భాగమైంది.

స్వీడన్‌లో టోరెమాల్మ్ అనే వైద్యుడు 1960లో, రోగి విడిచిన శ్వాసలోని తేమనే పట్టి తిరిగి ఇచ్చే సాధనాన్ని వర్ణించాడు. 1969లో న్యూజిలాండులోని ఆక్లండ్‌లో వైద్యుడు మాట్ స్పెన్స్, ఇంజనీరు ఆల్ఫ్ మెల్విల్ కలిసి, పండ్లను నిల్వచేసే గాజు జాడీతో వేడిచేసే ఆర్ద్రీకరణి నమూనాను తయారుచేశారు. ఫిషర్ అండ్ పేకెల్ సంస్థ దానిని వృద్ధి చేసి వాణిజ్యపరంగా తయారుచేసింది. నేడు వెంటిలేటర్ల పక్కన కనిపించే వేడి గిన్నె పరికరాలకు ఆ జాడీ పూర్వరూపాలలో ఒకటి.

ఆర్ద్రీకరణ పరికరాలు

బుడగల సీసా

ఫ్లోమీటరు నుండి వచ్చే వాయువు ఒక సన్నని గొట్టం ద్వారా సీసా అడుగుకు చేరి, బుడగలుగా నీటిలోనుండి పైకి లేస్తుంది. బుడగలు చిన్నవైన కొద్దీ వాయువుకు, నీటికి మధ్య స్పర్శ పెరిగి తేమ ఎక్కువగా చేరుతుంది. అయితే ఈ సీసాలోని నీరు వేడిచేయబడదు. పైగా, కుండలోని నీరు ఆవిరవుతూ చల్లబడినట్లే, బుడగల వలన సీసాలోని నీరు కూడా చల్లబడుతుంది. ప్రవాహం పెంచిన కొద్దీ ఈ చల్లదనం పెరిగి తేమ తగ్గుతుంది. ఈ సీసా నుండి వచ్చే వాయువులో లీటరుకు సుమారు 10 నుండి 20 మిల్లీగ్రాముల తేమ మాత్రమే ఉంటుంది. గొంతులో గొట్టం ఉన్న రోగికి ఇది ఎంతమాత్రం చాలదు.

సీసాపై చిన్న భద్రతా కవాటం ఉంటుంది. రోగి వైపు గొట్టం మడతపడినా, మూసుకుపోయినా సీసాలో పీడనం పెరిగి ఈ కవాటం ఈల వేస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే ముందుగా గొట్టాన్ని పరిశీలించాలి.

వేడిచేసే ఆర్ద్రీకరణి

ఇందులో ఒక ప్లాస్టిక్ గిన్నె, దాని అడుగున వేడి పలక ఉంటాయి. వాయువు వేడి నీటి ఉపరితలం మీదుగా పోతూ తేమను, వేడిని గ్రహిస్తుంది. కొన్నింటిలో నీటిని పీల్చుకొన్న కాగితపు ఒత్తి ఉంటుంది. ఎడారి కూలరులోని తడి గడ్డి గుండా గాలి పోవడం వంటిదే ఈ ఏర్పాటు, కాని ఇక్కడ నీరు వేడిగా ఉంటుంది. రోగి వద్దకు చేరే గొట్టంలో వేడి తీగ అమర్చి, దారిలో వాయువు చల్లబడకుండా చూస్తారు. తీగ లేని గొట్టాలలో ఆవిరి నీరుగా మారుతుంది కనుక మధ్యలో నీటి బుడ్డిని అమర్చి ఆ నీటిని బయట పారబోస్తారు. ఆ నీటిని తిరిగి గిన్నెలోకి పోనీయరాదు.

వెంటిలేటరుపై ఉన్న ప్రతి రోగికీ ఆర్ద్రీకరణ ఉండాలని, వేడిచేసే పరికరమైతే లీటరుకు 33 నుండి 44 మిల్లీగ్రాముల తేమ ఇవ్వాలని అమెరికా శ్వాసచికిత్సా సంఘం 2012లో మార్గదర్శకాలను ప్రకటించింది.

కృత్రిమ ముక్కు

దీనికి విద్యుత్తు గాని, విడిగా నీరు గాని అవసరం లేదు. గొట్టం చివర అమర్చే చిన్న డబ్బీలో కాగితం లేక నురుగు వంటి పదార్థం ఉంటుంది. రోగి విడిచిన శ్వాసలోని వేడి, తేమ ఇందులో నిలిచి, తరువాతి శ్వాసతో తిరిగి లోనికి పోతాయి. నిజమైన ముక్కు పనిచేసే తీరు ఇదే కనుక దీనికి కృత్రిమ ముక్కు అని పేరు వచ్చింది. ఇది లీటరుకు కనీసం 30 మిల్లీగ్రాముల తేమ ఇవ్వాలని పై మార్గదర్శకాలు చెబుతాయి. కఫం చిక్కగా లేదా రక్తంతో కలిసి వస్తున్నపుడు, రోగి శరీర ఉష్ణోగ్రత 32 డిగ్రీల కంటె తగ్గినపుడు దీనిని వాడరాదు.

నెబ్యులైజరుకు, ఆర్ద్రీకరణికి భేదం

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచు కనిపిస్తుంది. ఆర్ద్రీకరణి నీటిని ఆవిరిగా మార్చి వాయువులో కలుపుతుంది. నెబ్యులైజరు ద్రవాన్ని సన్నని తుంపరలుగా చేస్తుంది. ఉబ్బసం మందులను ఇవ్వడానికి ఎక్కువగా దీనినే వాడతారు. ఆవిరి అణువులు బాక్టీరియాను మోసుకుపోలేవు. తుంపరలు మాత్రం తమలో సూక్ష్మజీవులను ఇముడ్చుకొని ఊపిరితిత్తులలోనికి తీసుకుపోగలవు. బుడగల సీసాలో కూడా, ప్రవాహం ఎక్కువైనపుడు కొన్ని తుంపరలు పుడతాయి.

వాయువును చేరవేసే సాధనాలు

ఆర్ద్రీకరణ ఎంత కావాలన్నది వాయువును ఏ సాధనం ద్వారా ఇస్తున్నారన్న దానిపై ఆధారపడుతుంది.

• ముక్కు గొట్టాలు (నాజల్ ప్రాంగ్స్): నిమిషానికి 1 నుండి 6 లీటర్ల వరకు ఇస్తారు. పెద్దవారికి నిమిషానికి 4 లీటర్ల వరకు ఇచ్చేటపుడు ముక్కు తన పని తాను చేసుకోగలదు కనుక మామూలుగా నీళ్ళ సీసా అవసరం లేదు.
• సాధారణ మాస్కు: నిమిషానికి 5 నుండి 10 లీటర్లు. 5 కంటె తగ్గిస్తే రోగి విడిచిన బొగ్గుపులుసు వాయువు మాస్కులోనే నిలిచి తిరిగి లోనికి పోతుంది.
• సంచి ఉన్న మాస్కు: నిమిషానికి 10 నుండి 15 లీటర్లు. అత్యవసర స్థితిలో ఎక్కువ శాతం ప్రాణవాయువు ఇవ్వడానికి వాడతారు.
• వెంచురి మాస్కు: మోరన్ క్యాంప్‌బెల్ 1960లో వర్ణించినది. 24, 28, 35 శాతం అంటూ నిర్ణీత గాఢతలో ఇస్తుంది. గది గాలిని అధికంగా కలుపుకుంటుంది కనుక దీనికి బుడగల సీసా అవసరం లేదు. సీసా పెడితే ఎదురుపీడనం వలన గాఢత మారవచ్చును.
• అధిక ప్రవాహ ముక్కు గొట్టాలు: నిమిషానికి 60 లీటర్ల వరకు ఇస్తారు. ఇంత ప్రవాహాన్ని ముక్కు తట్టుకోలేదు కనుక వేడిచేసే ఆర్ద్రీకరణి తప్పనిసరి.
• బుడగల సీప్యాప్: నవజాత శిశువులకు వాడేది. వెచ్చని, తడి వాయువును ముక్కుకు అందించి, బయటికి పోయే గొట్టం చివరను నీటిలో కొన్ని సెంటీమీటర్ల లోతున ముంచుతారు. ఆ లోతే శిశువు ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా నిలిపే పీడనం అవుతుంది. ఇక్కడ నీటి సీసా పని పీడనాన్ని నిలపడం. తేమ ఇచ్చే గిన్నె వేరుగా ఉంటుంది.
• వెంటిలేటరు, గొంతు రంధ్రపు గొట్టం: ముక్కు పూర్తిగా తప్పిపోతుంది కనుక వేడిచేసే ఆర్ద్రీకరణి గాని, కృత్రిమ ముక్కు గాని తప్పనిసరి.

నీరు, ప్రాణవాయువు – ఎంత ఖర్చవుతుంది?

నిమిషానికి 10 లీటర్ల పొడి వాయువుకు లీటరుకు 44 మిల్లీగ్రాముల చొప్పున తేమ కలపాలంటే గంటకు 26 గ్రాములు, రోజుకు సుమారు 630 గ్రాముల నీరు కావాలి. నిమిషానికి 60 లీటర్లయితే రోజుకు సుమారు 3.8 లీటర్ల నీరు ఖర్చవుతుంది. గిన్నె ఎండిపోయినా పరికరం నడుస్తూనే ఉంటే రోగికి వేడి, పొడి వాయువు అందుతుంది. కనుక నీటి మట్టాన్ని చూస్తూ ఉండడం నర్సుల ముఖ్యమైన పనులలో ఒకటి.

ప్రాణవాయువు లెక్క కూడా ఇట్లే చేయవచ్చును. మన దేశంలో బి టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్లు, డి టైపు పెద్ద సిలిండరులో సుమారు 7000 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్ల చొప్పున బి టైపు సిలిండరు 5 గంటలు వస్తుంది. 10 లీటర్ల చొప్పున రెండున్నర గంటలే వస్తుంది. పల్లె నుండి జిల్లా కేంద్రానికి రోగిని తరలించేటపుడు ఈ లెక్క ముందుగా చూసుకోవడం అవసరం.

సీసాలో ఏ నీరు పోయాలి?

ఆసుపత్రులలో ఆర్ద్రీకరణులకు సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన నీటిని, అంటే స్టెరైల్ వాటర్‌ను మాత్రమే వాడాలని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రం 2003లో సూచించింది. ఈ విషయంలో కొన్ని భేదాలను గుర్తించాలి.

స్వేదనజలంలో (డిస్టిల్డ్ వాటర్‌లో) లవణాలు ఉండవు. కాని మూత తీసి నిల్వ ఉంచితే అందులో సూక్ష్మజీవులు పెరగవచ్చును. అది స్టెరైల్ వాటర్‌తో సమానం కాదు. బ్యాటరీలలో పోసే నీరు ఈ పనికి తగదు. ఆర్.ఓ. యంత్రపు నీటిలో లవణాలు తక్కువ. అయినా అది సూక్ష్మజీవులు లేని నీరు కాదు. కాచి చల్లార్చిన నీటిలో చాలా సూక్ష్మజీవులు నశిస్తాయి గాని, కరిగి ఉన్న లవణాలలో అధికభాగం అట్లే ఉంటుంది. సెలైన్‌లో ఉప్పు ఉంటుంది కనుక అది ఆవిరైన కొద్దీ ఉప్పు మిగిలి గొట్టాలకు పడుతుంది. కుళాయి నీటిలో సూడోమోనాస్, లెజియొనెల్లా వంటి బాక్టీరియా ఉండే అవకాశం ఉంది. ఇవి ఆరోగ్యవంతులకు పెద్దగా హాని చేయకపోయినా, రోగి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

సీసాలోని నీరు తగ్గినపుడు మిగిలిన నీటిపైనే కొత్త నీరు పోయడం సరికాదు. పాత నీటిని పూర్తిగా పారబోసి, సీసాను శుభ్రపరచి, ఆరబెట్టి, కొత్త నీరు పోయాలి. ఒక రోగికి వాడిన సీసాను శుద్ధి చేయకుండా మరొకరికి పెట్టరాదు.

రాయలసీమలో పరిస్థితులు

కర్నూలు, కడప ప్రాంతాలు వర్షాభావానికి, తీవ్రమైన ఎండలకు పేరుపొందినవి. కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి కొత్త నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్లను ఉదాహరణగా తీసుకోవచ్చును. గుంతకల్లు – నంద్యాల రైలుమార్గంలో ఉన్న ఈ పట్టణం నాపరాళ్ళకు, పాలిష్ బండలకు ప్రసిద్ధి. ఈ ప్రాంతపు నాపరాయి ప్రధానంగా సున్నపురాతి జాతికి చెందినది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కర్నూలు శిలాసముదాయంలో చేర్చారు.

సున్నపురాతి నేలలలో ఇంకిన నీరు రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలు, కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఏర్పడినది ఈ విధంగానే. అందుచేత ఇటువంటి చోట బోరు నీటిలో కాల్షియం లవణాలు ఎక్కువగా ఉండడం సహజం. అటువంటి నీటిని వేడిచేసే గిన్నెలో పోస్తే నీరు ఆవిరై పోతుంది గాని, కాల్షియం కార్బొనేటు అడుగున తెల్లని పొరగా మిగిలిపోతుంది. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నెకు పట్టే తెలుపు కూడా ఇదే. ఈ పొర వేడి పలక నుండి నీటికి వేడి సరిగా అందనీయదు. బుడగల సీసాలోనైతే బుడగలు వచ్చే సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి. పొర గరుకుగా ఉండడం వలన సూక్ష్మజీవులు దానిని పట్టుకొని పెరగడానికి వీలవుతుంది.

రాతి పరిశ్రమలో పొడిగా కోసినపుడు, గీసినపుడు లేచే దుమ్ము మరొక సమస్య. రాతిలో సిలికా ఎంత ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. ఏళ్ళ తరబడి సిలికా దుమ్ము పీల్చినవారికి సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. వ్యాధి ముదిరినవారిలో కొందరికి ఇంటి వద్దనే దీర్ఘకాలం ప్రాణవాయువు ఇవ్వవలసి వస్తుంది. కోసేటపుడు రాతిపై నీరు పారిస్తే దుమ్ము గాలిలోనికి లేవడం చాలావరకు తగ్గుతుంది.

2021 నాటి అనుభవం

కోవిడ్ రెండవ తరంగంలో ప్రాణవాయువు కొరత దేశమంతటినీ వణికించింది. 2021 ఏప్రిల్ 22న విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో నింపిన 7 ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. మే 10 రాత్రి తిరుపతిలోని రుయా ఆసుపత్రిలో సరఫరాకు అంతరాయం కలిగి, పీడనం పడిపోయి 11 మంది రోగులు మరణించారని అధికారులు ప్రకటించారు.

ఆ రోజులలో అధిక ప్రవాహ ముక్కు గొట్టాలు ఎందరికో వెంటిలేటరు అవసరాన్ని తప్పించాయి. అయితే నిమిషానికి 60 లీటర్ల చొప్పున పూర్తి ప్రాణవాయువు ఇస్తే డి టైపు పెద్ద సిలిండరు రెండు గంటలలోపే ఖాళీ అవుతుంది. పరికరం ఉన్నంత మాత్రాన చాలదని, దానికి తగిన సరఫరా కూడా ఉండాలని దీనివలన తెలుస్తుంది.

అదే సమయంలో మ్యూకర్‌మైకోసిస్ అనే శిలీంద్రవ్యాధి ప్రబలింది. పత్రికలు దీనిని బ్లాక్ ఫంగస్ అని వ్యవహరించాయి. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం దీనిని తప్పక నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించాలని రాష్ట్రాలను కోరింది. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ మందుల అధిక వాడకం దీనికి ముఖ్యకారణాలుగా గుర్తించబడ్డాయి. ఆర్ద్రీకరణి సీసాలలో అశుభ్రమైన నీరు వాడడం కూడా ఒక కారణమని అనుమానించారు. ఇది నిర్ధారణ కాకపోయినా, సీసాలలో శుభ్రమైన స్టెరైల్ నీటినే వాడాలని భారత వైద్య పరిశోధనా మండలి తన సలహాలలో చేర్చింది.

ఇంటివద్ద వాడేవారికి సూచనలు

ఇళ్ళలో ఎక్కువగా వాడే ఆక్సిజన్ కాన్సెంట్రేటరు గది గాలినే తీసుకొని, జియోలైట్ అనే ఖనిజం సాయంతో నత్రజనిని వేరుచేస్తుంది. దాని నుండి సుమారు 90 నుండి 96 శాతం ప్రాణవాయువు వస్తుంది. జియోలైట్ తేమను కూడా పట్టివేస్తుంది కనుక ఈ వాయువు సైతం పొడిగానే ఉంటుంది.

• ప్రాణవాయువు ఒక మందు. నిమిషానికి ఎన్ని లీటర్లు అన్నది వైద్యుడే నిర్ణయించాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి ఉన్న కొందరికి మోతాదు ఎక్కువైనా ప్రమాదమే.
• తక్కువ ప్రవాహంలో ముక్కు ఎండిపోవడం వంటి బాధ లేనపుడు, సీసా లేకుండా వాడవచ్చునేమో వైద్యుని అడగాలి. అశుభ్రమైన సీసా కంటె సీసా లేకపోవడమే మేలు.
• సీసా వాడితే నీటిని రోజూ మార్చాలి. నీటిని సీసాపై ఉన్న కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యనే ఉంచాలి.
• బుడగలు రాకపోతే సీసా మూత సరిగా బిగిసిందో లేదో, గొట్టం ఊడిందేమో చూడాలి. వాయువు ప్రక్కనుండి పోతూ ఉండవచ్చును.
• సీసాను రోగి తల కంటె దిగువన ఉంచాలి. గొట్టంలో చేరిన నీరు అపుడు రోగి వైపు జారదు.
• ముక్కు ఎండితే నీటి ఆధారిత లేపనాన్ని వాడాలి. వాజలీన్, కొబ్బరినూనె వంటివి ప్రాణవాయువు సమీపంలో మంటకు దోహదం చేస్తాయి.
• దీపం, అగరువత్తి, బీడీ, పొయ్యి దగ్గరలో ఉండరాదు. రెగ్యులేటరుకు నూనె, గ్రీజు తగలనీయరాదు.
• విద్యుత్తు పోతే కాన్సెంట్రేటరు ఆగిపోతుంది. తరచు కరెంటు పోయే ఊళ్ళలో నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.